తలుపులు తెరిచి జరిపిన విచారణ

(కె.జి. కన్నబిరాన్ స్మారకోపన్యాసం)



పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారి పేరు మీద మాట్లాడేవాళ్ళెవరైనా చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి రావాలి. అధికారంలో ఉన్నవాడు తప్పు చేస్తే అడిగేదెవరు? ఆయన కోర్టులోనూ కోర్టు బయటా జీవితమంతా ఈ ప్రశ్ననే పట్టుకుని నడిచారు. తన ఇంగ్లీషు పుస్తకానికి ‘వేజెస్ ఆఫ్ ఇంప్యూనిటీ’ అని పేరు పెట్టుకున్నారు. తనకు శిక్ష పడదన్న ధీమా పాలకుడికి ఒకసారి కుదిరితే ఆ మూల్యం ఎవరు చెల్లించాల్సి వస్తుందన్నదే ఆయన్ని వెంటాడిన చింత.

ఎమర్జెన్సీ ముగిశాక, 1977లో, జయప్రకాశ్ నారాయణ్ చొరవతో వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక నిజనిర్ధారణ కమిటీ ఏర్పడింది. కన్నబిరాన్ అందులో సభ్యులు. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని ఎన్‌కౌంటర్ పేరిట కాల్చి చంపిన వైనాన్ని ఆ కమిటీ బయటపెట్టింది. దాంతో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి వశిష్ఠ భార్గవతో ప్రభుత్వం కమిషన్ వేయక తప్పలేదు. సాక్షులు వచ్చారు, నలుగురిలో నిలబడి చెప్పడం మొదలుపెట్టారు. కన్నబిరాన్ గారు ఆ కమిషన్ ముందు వాదించారు. నడిమధ్యలో ప్రభుత్వం విచారణను తలుపులు మూసి జరపాలని పట్టుబట్టింది. పౌరహక్కుల పక్షం అందుకు ఒప్పుకోలేదు. ఆ విచారణ ఒక కొలిక్కి రాకుండానే ఆగిపోయింది.

ఈ రోజు నేను తలుపులు మూయకుండా జరిపిన ఒక విచారణ గురించి మాట్లాడతాను. అది మన దేశానిది కాదు. 2021 జనవరి 6న అమెరికా కాంగ్రెస్ భవనం మీద జరిగిన దాడిలో ఆనాటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఏం చేశారు, ఏం చేయలేదు అని ప్రతినిధుల సభ ప్రత్యేక కమిటీ జరిపిన విచారణ. దాని మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ విచారణ తన పని తాను చేసింది. దాని తర్వాత కదలాల్సిన వ్యవస్థలు కదల్లేదు, కదిలినవి మధ్యలో ఆగిపోయాయి. ఎవరు పని చేశారో ఎవరు చేయలేదో ఈ రోజు మనం ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నామంటే, ఆ విచారణ బహిరంగంగా జరగడమే కారణం.

ఆ రోజు జరగాల్సిన పని

అమెరికాలో అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ఎలక్టోరల్ ఓట్లు. మొత్తం 538, గెలవాలంటే 270. 2020 నవంబరు ఎన్నికల్లో జో బైడెన్‌కు 306, ట్రంప్‌కు 232 వచ్చాయి. రాష్ట్రాలు ధ్రువీకరించి పంపిన ఆ ఓట్లను జనవరి 6న కాంగ్రెస్ ఉభయసభలు కలిసి కూర్చుని లెక్కిస్తాయి. ఉపాధ్యక్షుడు ఆ సమావేశానికి అధ్యక్షత వహించి, కవర్లు తెరిచి, లెక్క ప్రకటిస్తాడు. 1876 ఎన్నికల వివాదం తర్వాత 1887లో చేసిన చట్టం ప్రకారం ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోకుండా సాగిపోయిన లాంఛనం ఇది.

ట్రంప్ వర్గం 60కి పైగా వ్యాజ్యాలు వేసింది. దాదాపు అన్నీ ఓడిపోయింది. కోర్టుల్లో దారి మూసుకుపోయాక ఆ లాంఛనం మీదే వాళ్ళ కన్ను పడింది. ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ కొన్ని రాష్ట్రాల ఓట్లను పక్కన పెట్టవచ్చని జాన్ ఈస్ట్‌మన్ అనే న్యాయవాది ఒక సిద్ధాంతం తయారు చేశారు. ఇదే వాదన సుప్రీంకోర్టుకు వెళితే తొమ్మిది మంది న్యాయమూర్తులూ కొట్టేస్తారని ఈస్ట్‌మన్ తన దగ్గర ఒప్పుకున్నారని పెన్స్ న్యాయ సలహాదారు గ్రెగ్ జేకబ్ తర్వాత ప్రమాణం చేసి చెప్పారు. ఓడిపోతుందని తెలిసిన వాదన ఆధారంగా ఒక దేశపు ఎన్నికల ఫలితాన్ని తిరగరాయమని ఉపాధ్యక్షుణ్ణి ఒత్తిడి చేశారు. పెన్స్ ఒప్పుకోలేదు.

జనవరి 6 మధ్యాహ్నం వైట్‌హౌస్ దగ్గరి ఎలిప్స్ మైదానంలో ట్రంప్ తన మద్దతుదార్ల ముందు మాట్లాడి 1:10కి ముగించారు. కాంగ్రెస్ భవనానికి వెళదామని ఆ జనంతో చెప్పారు. 2:13 ప్రాంతంలో మూక కిటికీ అద్దాలు పగలగొట్టి లోపలికి దూసుకెళ్ళింది. బయట ఉరికొయ్య నిలబెట్టారు. పెన్స్‌ను ఉరి తీయాలని కేకలు వేశారు. సుమారు 140 మంది పోలీసులు గాయపడ్డారు. లోపల ఒక నిరసనకారిణి పోలీసు తూటాకు చనిపోయింది. సభ్యులు ప్రాణాలు దక్కించుకోవడానికి పరుగులు తీశారు. రాత్రి మళ్ళీ వచ్చి కూర్చుని, తెల్లవారుజామున మూడున్నర దాటాక లెక్క పూర్తి చేశారు. ఆ తెల్లవారుజామున అమెరికా ప్రజాస్వామ్యం గట్టెక్కింది.

కమిటీ ఎలా పుట్టింది

దాడి జరిగిన వారానికే, జనవరి 13న, ప్రతినిధుల సభ ట్రంప్‌ను 232–197తో అభిశంసించింది. ఆయన సొంత పార్టీ రిపబ్లికన్లు పది మంది అందులో చేరారు. సెనేట్‌లో 57 మంది దోషి అన్నారు, 43 మంది కాదన్నారు. శిక్షించాలంటే మూడింట రెండు వంతులు, అంటే 67 ఓట్లు కావాలి. ఆయన బయటపడ్డారు.

రెండు పార్టీలకూ సమాన ప్రాతినిధ్యం ఉండే స్వతంత్ర కమిషన్ వేయాలన్న బిల్లు ఆ ఏడాది మేలో ప్రతినిధుల సభలో 252–175తో నెగ్గింది. సెనేట్‌లో 54 మంది అనుకూలంగా ఓటేసినా, చర్చ ముగించడానికి కావలసిన 60 రాక ఆగిపోయింది. నిష్పాక్షిక విచారణకు అన్నిటికంటే మంచి దారి అదే. ఆ దారి మూసిన రిపబ్లికన్ నాయకత్వమే తర్వాత ఈ కమిటీ నిష్పాక్షికం కాదని అన్నది. ఈ క్రమం గుర్తు పెట్టుకోవాలి.

జూన్ 30న ప్రతినిధుల సభ 222–190 ఓట్లతో తనే ప్రత్యేక కమిటీ వేసుకుంది. మిసిసిపీకి చెందిన బెన్నీ థాంప్సన్ అధ్యక్షుడు. వయోమింగ్‌కు చెందిన రిపబ్లికన్ లిజ్ చేనీ ఉపాధ్యక్షురాలు. రిపబ్లికన్ నాయకుడు కెవిన్ మెకార్తీ ఐదుగురి పేర్లు ఇస్తే స్పీకర్ నాన్సీ పెలోసీ ఇద్దరిని కాదన్నారు. ఆయన ఐదుగురినీ వెనక్కి తీసుకున్నారు. చివరికి తొమ్మిది మందిలో రిపబ్లికన్లు ఇద్దరే మిగిలారు, చేనీ, ఆడమ్ కిన్‌జింగర్.

కమిటీకి జైలుకు పంపే అధికారం లేదు. చట్టాలు చేయడానికి కావలసిన సమాచారం కోసం సాక్షుల్ని పిలిపించే అధికారం ఉంది. దాన్ని 1927లోనే సుప్రీంకోర్టు మెక్‌గ్రేన్ కేసులో స్థిరపరిచింది. సమన్లను లెక్కచేయకపోతే ధిక్కారం కింద న్యాయశాఖకు పంపవచ్చు. స్టీవ్ బానన్, పీటర్ నవారో అలాగే దోషులుగా తేలి చెరో నాలుగు నెలలు జైల్లో ఉండి వచ్చారు. వైట్‌హౌస్ కాగితాలు ఇవ్వొద్దని ట్రంప్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2022 జనవరిలో కోర్టు ఆ అభ్యర్థనను తోసిపుచ్చింది. ఆ కాగితాలు జాతీయ ఆర్కైవ్స్ నుంచి కమిటీ చేతికి వచ్చాయి. విచారణ సంస్థకు కాగితం దొరికితేనే బలం. మన దగ్గర కమిషన్లు చాలాసార్లు నీరుగారిపోయేది సరిగ్గా ఇక్కడే.

సొంత మనుషుల నోట

తొలి బహిరంగ సమావేశం 2021 జులైలో జరిగింది. దెబ్బలు తిన్న నలుగురు పోలీసు అధికారులు సాక్ష్యం చెప్పారు. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు కమిటీ తలుపుల వెనక వాంగ్మూలాలు సేకరించింది. వెయ్యి మందికి పైగా సాక్షుల్ని విన్నది. 2022 జూన్ 9 రాత్రి క్యానన్ భవనంలోని హాల్లో మొదలుపెట్టిన వరస సమావేశాలను దేశమంతా టీవీలో చూసింది. మొదటి రాత్రే సుమారు 2 కోట్ల మంది చూశారు. కాంగ్రెస్ పోలీసు కరోలిన్ ఎడ్వర్డ్స్ ఆ రాత్రి నేల మీది రక్తంలో తన కాళ్ళు జారుతూ ఉన్న సంగతి చెప్పారు. అది తాను చూసిన యుద్ధరంగం అన్నారు.

కమిటీ ఎంచుకున్న పద్ధతిని న్యాయవాదులు శ్రద్ధగా గమనించాలి. డెమొక్రాట్లను సాక్షులుగా పిలవడం మీద అది ఆధారపడలేదు. ట్రంప్ నియమించినవాళ్ళను, ఆయనకు ప్రచారం చేసినవాళ్ళను, ఆయనకు ఓటేసినవాళ్ళను కూర్చోబెట్టి అడిగింది. ఫలితం మార్చేంత మోసం ఎక్కడా జరగలేదని ఆయన అటార్నీ జనరల్ విలియం బార్ చెప్పారు. బార్ మాటను తాను అంగీకరించానని ట్రంప్ కూతురు ఇవాంకా చెప్పారు. ఎన్నికలు భ్రష్టమయ్యాయని ఒక్క మాట అనండి, మిగతాది నేనూ, రిపబ్లికన్ సభ్యులూ చూసుకుంటామని ట్రంప్ అన్న మాటను న్యాయశాఖ ఉన్నతాధికారి రిచర్డ్ డొనహ్యూ తన చేతిరాతతో రాసుకున్న నోట్సు లోంచి చదివారు. జనవరి 3న ఓవల్ ఆఫీసులో, తనకు అనుకూలంగా ఉన్న మరో అధికారిని న్యాయశాఖకు అధిపతిని చేయాలని ట్రంప్ చూస్తే, చేస్తే మేమంతా మూకుమ్మడిగా రాజీనామా చేస్తామని డొనహ్యూ, తోటి అధికారులూ ఎదురు చెప్పారు. ఆ నియామకం ఆగింది.

జూన్ 21న ఆరిజోనా శాసనసభ స్పీకర్ రస్టీ బోవర్స్ వచ్చారు. ఆయన రిపబ్లికన్. ఆ ఎన్నికల్లో ట్రంప్ పక్షాన నిలిచిన మనిషి. ఆధారాలు చూపండి అని తాను పదే పదే అడిగితే, ట్రంప్ న్యాయవాది రూడీ జూలియానీ తమ దగ్గర సిద్ధాంతాలు చాలా ఉన్నాయి గానీ ఆధారాలే లేవన్నారని ఆయన చెప్పారు. జార్జియా ఎన్నికల అధికారి బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్ జనవరి 2న తనకొచ్చిన ఫోన్ సంగతి చెప్పారు. ఆ రాష్ట్రంలో బైడెన్ ఆధిక్యం 11,779. ఆ రాష్ట్రంలో ఓట్లు మూడుసార్లు లెక్కించారు. తనకు 11,780 ఓట్లు వెతికి పెట్టమని దేశాధ్యక్షుడు అడిగారు. ఆ సంభాషణ రికార్డయి ఉంది. అభ్యర్థి అడగకూడని మాట అది.

అదే రోజు అట్లాంటాలో ఓట్లు లెక్కించిన ఇద్దరు సామాన్య ఉద్యోగినులు, తల్లీకూతుళ్ళు, వచ్చారు. కెమెరా దృశ్యాల్లో తల్లి చేతి నుంచి కూతురి చేతికి ఏదో చిన్న వస్తువు మారింది. అది ఓట్లు తారుమారు చేసే పెన్‌డ్రైవ్ అని జూలియానీ ప్రచారం చేశారు. అది ఏమిటని కమిటీ అడిగితే కూతురు చెప్పింది, అల్లం పిప్పరమెంటు బిళ్ళ అని. ఆ బిళ్ళ కారణంగా ఆ కుటుంబానికి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఇల్లు వదిలి వెళ్ళమని ఎఫ్‌బీఐ చెప్పాల్సి వచ్చింది. బయట తమ పేరు చెప్పుకోవడానికే భయపడ్డారు. తర్వాత పరువునష్టం కేసులో వాళ్ళకు 14.8 కోట్ల డాలర్లు ఇవ్వాలని జ్యూరీ జూలియానీని ఆదేశించింది. పైనుంచి చెప్పే అబద్ధం చివరికి ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో తెలుసుకోవాలంటే ఆ ఒక్క సాక్ష్యం చాలు. ఓట్లు లెక్కించే ఒక సామాన్య ఉద్యోగిని, దేశాధ్యక్షుడి మాటకు ఎదురుగా కూర్చుని, ప్రమాణం చేసి, జరిగింది చెప్పగలిగింది. బహిరంగ విచారణ సామాన్యులకు ఇవ్వగలిగే గౌరవం అది.

187 నిమిషాలు

వాటర్‌గేట్ నాడు, 1973లో, సెనేట్ కమిటీ ముందున్న ప్రశ్న, అధ్యక్షుడికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అన్నది. జనవరి 6న ఆ ప్రశ్న లేదు. ప్రపంచమంతా చూస్తూ ఉంది, అధ్యక్షుడూ చూస్తూనే ఉన్నాడు. అడగాల్సింది ఆయన ఏం చేశాడన్నదే. 2022 జులై 21 రాత్రి సమావేశం మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది.

ప్రసంగం ముగిసిన 1:10 నుంచి, ఇళ్ళకు వెళ్ళమని వీడియో వదిలిన 4:17 దాకా 187 నిమిషాలు. ఆయన ఓవల్ ఆఫీసు పక్కన ఉన్న భోజనాల గదిలో టీవీ ముందు కూర్చున్నారు. ఆ సమయానికి వైట్‌హౌస్ ఫోన్ రిజిస్టరు ఖాళీ. రోజువారీ డైరీ ఖాళీ. అధికారిక ఫోటోగ్రాఫర్‌ను ఫోటోలు తీయనివ్వలేదు. ప్రభుత్వంలో ఏ క్షణాన ఏం జరిగిందో రాసి పెట్టడమే ఆ పుస్తకాల పని. అవి ఖాళీగా ఉన్న చోట మనుషుల్ని అడిగి నింపుకోవాలి. కమిటీ అదే చేసింది.

సలహాదార్లు ఒకరి తర్వాత ఒకరు ఆయన దగ్గరికి వెళ్ళి, ఆపమని చెప్పండి అని బతిమాలారు. కూతురు వెళ్ళింది. పెద్ద కొడుకు వైట్‌హౌస్ ప్రధానాధికారి మార్క్ మెడోస్‌కు మెసేజ్ పంపాడు, వెంటనే ఖండించమని చెప్పు అని. ఆయనకు రోజూ మద్దతుగా మాట్లాడే ఫాక్స్ న్యూస్ వ్యాఖ్యాతలు కూడా మెసేజ్‌లు పెట్టారు. రక్షణ శాఖకు గానీ, పోలీసులకు గానీ ఆయన చేసిన ఫోన్ ఒక్కటీ కమిటీకి దొరకలేదు. సైన్యాన్ని త్వరగా పంపమని ఫోన్లు చేసింది పెన్స్. ఆ సమయంలో పెన్స్ కాంగ్రెస్ భవనం కింది అంతస్తులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాక్కుని ఉన్నారు. ఒక దశలో మూక ఆయనకు 40 అడుగుల దూరం దాకా వచ్చిందని కమిటీ చూపించింది.

2:24కి ట్రంప్ ట్వీట్ చేశారు. చేయాల్సిన పని చేసే ధైర్యం పెన్స్‌కు లేకపోయింది అని. భవనంలోకి మూక దూరి పదకొండు నిమిషాలు గడిచాక పెట్టిన ట్వీట్ అది. ఆ ట్వీట్ కాగితం చేతికందిన క్షణమే రాజీనామా చేయాలని నిర్ణయించుకున్నానని జాతీయ భద్రతా ఉపసలహాదారు మాథ్యూ పాటింగర్ చెప్పారు. ఆ ట్వీట్ మంటలో పెట్రోలు పోయడమే అని వైట్‌హౌస్ సిబ్బందికి అప్పుడే అర్థమైంది.

వైట్‌హౌస్ న్యాయవాది పాట్ సిపొలోన్ రికార్డు చేసిన వాంగ్మూలాన్ని ఆ రాత్రి చూపించారు. మూక ఇళ్ళకు వెళ్ళకూడదని కోరుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, సిబ్బందిలో అలాంటివాళ్ళు తనకు గుర్తు రావడం లేదని చెప్పారు. మరి అధ్యక్షుడు? ఆయన ఆగారు. పక్కనున్న లాయరు వైపు చూశారు. అధ్యక్షుడితో జరిగిన సంభాషణ తాను చెప్పకూడదన్నారు. ఆ మౌనం రికార్డులో ఉంది. తెర మీద చూసినవాళ్ళు దాని అర్థం తామే తీసుకున్నారు. తలుపులు మూసి జరిపిన విచారణలో ఆ మౌనం ఒక కాగితం మీద ‘జవాబు చెప్పలేదు’ అన్న రెండు ముక్కలుగా మిగిలి ఉండేది.

విమర్శలకు జవాబు

కమిటీ మీద వచ్చిన విమర్శలు కొన్ని న్యాయమైనవి. ట్రంప్ పక్షం నుంచి సాక్షుల్ని ఎదురు ప్రశ్నించేవాళ్ళు లేరు. సాక్ష్యాలను టీవీ కార్యక్రమంలా కూర్చడానికి వార్తా చానల్ నడిపిన అనుభవజ్ఞుడి సాయం తీసుకున్నారు. వాంగ్మూలాల్లోంచి ముక్కలు ఎంచి చూపించారు.

జూన్ 28న మెడోస్ సహాయకురాలు కాసిడీ హచిన్సన్ చెప్పిన సాక్ష్యంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. కొందరి దగ్గర ఆయుధాలున్నాయని తెలిసినా, వాళ్ళు నాకు హాని చేయడానికి రాలేదు, తనిఖీ యంత్రాలు తీసేయండి అని ట్రంప్ అనడం తాను విన్నానని ఆమె చెప్పింది. అది ఆమె చెవులతో విన్నది. ట్రంప్ కారులో స్టీరింగ్ లాక్కోబోయారన్నది మాత్రం ఎవరో చెప్పగా విన్నది. కారు నడిపిన ఏజెంట్ ఆ లాక్కోబోవడం తాను చూడలేదని చెప్పిన వాంగ్మూలం 2024లో బయటికొచ్చింది. కాంగ్రెస్‌కు వెళతానని ట్రంప్ పట్టుబట్టారన్న సంగతి మాత్రం ఆ ఏజెంటూ చెప్పాడు. కమిటీయే ఆ వాంగ్మూలమూ జనం ముందు పెట్టి ఉండాల్సింది. వినికిడి సాక్ష్యాన్ని ప్రత్యక్ష సాక్ష్యం పక్కన నిలబెట్టకూడదని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కానీ ఆ లోపం బయటపడింది ఎలా? రికార్డు ఉంది కాబట్టి. ఎదుటి పక్షం అధికారంలోకి వచ్చాక అదే సభ మరో ఉపసంఘం వేసి ఆ రికార్డును తిరగేసింది. బహిరంగ విచారణలో తప్పు దొర్లితే అది కూడా బహిరంగంగానే దొరుకుతుంది. ఇక ఎదురు ప్రశ్నించేవాళ్ళు లేరన్న విమర్శ. కుర్చీలు ఖాళీగా వదిలేసింది వాళ్ళ నాయకుడు మెకార్తీయే. ట్రంప్‌కు స్వయంగా సమన్లు పంపారు. ఆయన వచ్చి జవాబు చెప్పి ఉండవచ్చు. కోర్టుకెళ్ళి ఆపించుకోవాలని చూశారు. గడువు ముగిసి కమిటీ ఆ సమన్లను ఉపసంహరించుకుంది. ప్రమాణం చేసి జవాబు చెప్పే అవకాశం ఆయన తలుపు తట్టింది. ఆయన తెరవలేదు.

తర్వాత ఏం జరిగింది

2022 డిసెంబరు 19న కమిటీ నాలుగు నేరారోపణలతో ట్రంప్‌పై న్యాయశాఖకు సిఫార్సు చేసింది. కొద్ది రోజులకే 800 పేజీలు దాటిన తుది నివేదిక ప్రచురించింది. 2023 ఆగస్టు 1న ప్రత్యేక ప్రాసిక్యూటర్ జాక్ స్మిత్ నాలుగు అభియోగాలు మోపారు. 2024 జులై 1న సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో, అధ్యక్షుడి అధికారిక చర్యలకు క్రిమినల్ విచారణ నుంచి విస్తృత రక్షణ ఉంటుందని తీర్పు చెప్పింది. ఆ నవంబరులో ట్రంప్ మళ్ళీ గెలిచారు. పదవిలో ఉన్న అధ్యక్షుడిపై కేసు నడపకూడదన్న న్యాయశాఖ విధానం ప్రకారం కేసు కొట్టేశారు. 2025 జనవరి 20న, ప్రమాణ స్వీకారం రోజే, జనవరి 6 కేసుల్లో సుమారు 1,500 మందికి ఆయన క్షమాభిక్ష పెట్టారు. మరో 14 మందికి శిక్ష తగ్గించారు. పోలీసుల మీద దాడి చేసి దోషులుగా తేలినవాళ్ళూ, 22 ఏళ్ళ శిక్ష పడిన ప్రౌడ్ బాయ్స్ అనే అతివాద బృందం నాయకుడూ అందులో ఉన్నారు.

నిజం చెప్పినవాళ్ళ గతి ఏమైంది? లిజ్ చేనీ 2022 ఆగస్టులో సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఓడిపోయారు. అదే నెలలో రస్టీ బోవర్స్ కూడా ఓడిపోయారు. అభిశంసనకు ఓటేసిన పది మంది రిపబ్లికన్లలో తిరిగి గెలిచి సభకు వచ్చింది ఇద్దరే. కన్నబిరాన్ గారు శిక్షా రాహిత్యం అని దేన్ని అన్నారో అది ఇదే. దాని మూల్యం నేరం చేసినవాడు చెల్లించడు. అడ్డం నిలబడ్డవాడు చెల్లిస్తాడు.

ఇక్కడ మన అనుభవం ఒకటి చెప్పాలి. ఎమర్జెన్సీ అకృత్యాల మీద 1977 మే 28న జస్టిస్ జె.సి. షా కమిషన్ వేశారు. అది కూడా బహిరంగంగానే జరిగింది. ఇందిరాగాంధీ కమిషన్ ముందుకు వచ్చారు గానీ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకోలేదు. కమిషన్ మూడు నివేదికలు ఇచ్చింది. 1980 జనవరిలో ఆమె తిరిగి ప్రధాని అయ్యారు. రాయబరేలీలోనూ మెదక్‌లోనూ గెలిచి, మెదక్ సీటునే ఉంచుకున్నారు. గిరాయిపల్లి అడవి ఉన్న జిల్లాయే ఆమెను లోక్‌సభకు పంపింది. ఓటర్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ నివేదికల్లో ఏముందో ఆ ఓటరుకు చేరవేసే పని మనం చేయలేదు. షా కమిషన్ నివేదిక ప్రతులు కాలక్రమంలో కంటికి కనిపించకుండా పోయాయి. మాజీ పార్లమెంటు సభ్యుడు ఇరా సెళియన్ 2010లో పూనుకుని దాన్ని మళ్ళీ అచ్చు వేయించాల్సి వచ్చింది. ముప్పై రెండేళ్ళు ఒక దేశం తన చరిత్రను తాను పోగొట్టుకుని కూర్చుంది.

అమెరికా విచారణ విషయంలో అలా జరగలేదు. వాంగ్మూలాలు వందల సంఖ్యలో ప్రచురించారు. వాటిని ఎవరైనా చదువుకోవచ్చు. ఎన్నికల ఫలితం మారినా ఆ పేజీలు మారలేదు. కమిటీ పరిశోధన జరుగుతున్న కాలంలోనే 1887 చట్టాన్ని మార్చారు. 2022 డిసెంబరు 29న సంతకమైన కొత్త చట్టం ఉపాధ్యక్షుడి పాత్ర కేవలం లాంఛనమని తేల్చింది. గతంలో ఒక్కో సభ నుంచి ఒక్క సభ్యుడు లేచినా అభ్యంతరం చర్చకు వచ్చేది. ఇప్పుడు ప్రతి సభలోనూ అయిదో వంతు సభ్యులు సంతకం చేయాలి. ఆ చట్టం కింద 2025 జనవరి 6న ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ తన ఓటమిని తానే లెక్కించి ప్రకటించారు. ఆ మధ్యాహ్నం ఎక్కడా ఒక్క అద్దం పగల్లేదు.

మనం చేయాల్సింది

ఇదంతా విని, పరాయి దేశం గొడవ మనకెందుకు అనుకోవచ్చు. మన దగ్గర 1952 కమిషన్ల చట్టం ఉంది. విచారణ బహిరంగంగా జరపాలా వద్దా అన్నది నిర్ణయించుకునే అధికారం ఆ చట్టం కమిషన్‌కే ఇచ్చింది, ప్రభుత్వానికి ఇవ్వలేదు. నివేదిక అందిన ఆరు నెలల్లోగా, తీసుకున్న చర్యల వివరంతో సహా, చట్టసభ ముందు పెట్టాలని అదే చట్టం చెబుతోంది. ఆ గడువు ఎన్నిసార్లు పాటించారో ఇక్కడున్న న్యాయవాదులకు తెలుసు. పార్లమెంటు కమిటీల సమావేశాలు గోప్యంగా జరగాలని లోక్‌సభ నియమావళి ఇప్పటికీ చెబుతోంది. మంత్రిని, కార్యదర్శిని ప్రమాణం చేయించి, పౌరులు చూస్తుండగా ప్రశ్నించే వేదిక మనకు లేదు. ఇది మారాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, సభ తన నియమం మార్చుకుంటే చాలు.

కాబట్టి ఈ వేదిక నుంచి నేను అడిగేవి మూడు. కమిషన్ విచారణలు తలుపులు తెరిచి జరగాలి. సాక్షి భద్రత కోసం ఎక్కడైనా మూయాల్సి వస్తే కారణం రాసి చెప్పాలి. ప్రతి నివేదికనూ గడువులోపు చట్టసభ ముందు పెట్టి, తెలుగులో కూడా అచ్చు వేసి జనానికి అందుబాటులో ఉంచాలి. పార్లమెంటు, శాసనసభ కమిటీల ముందు ఇచ్చే సాక్ష్యాలు బహిరంగం కావాలి.

అమెరికాలో ఓటు హక్కున్న మన తెలుగువాళ్ళు వేల మంది ఉన్నారు. వాళ్ళకు ఒక విన్నపం. ఏ పార్టీకి ఓటేయాలో చెప్పడం నా పని కాదు. ఓటు వేసే ముందు ఆ వాంగ్మూలాలు చదవండి. బార్ చెప్పింది, బోవర్స్ చెప్పింది, అల్లం బిళ్ళ సంగతి చెప్పిన ఆ అమ్మాయి చెప్పింది చదవండి. వాళ్ళు ప్రమాణం చేసి చెప్పారు, దానికి మూల్యం చెల్లించారు. చదివాక మీ నిర్ణయం మీది.

భార్గవ కమిషన్ విచారణకు తలుపులు మూయాలన్న రోజు కన్నబిరాన్ గారు అందుకు ఒప్పుకోలేదు. మూసిన తలుపుల వెనక దొరికే న్యాయం మీద ఆయనకు నమ్మకం లేదు. ఆయన్ని గుర్తు చేసుకోవడమంటే ప్రతి విచారణకూ తలుపులు తెరవమని అడగడమే. ఆ పని ఇక్కడున్న ప్రతి ఒక్కరిదీ.